దారి ఆటలో తోలుమారి

కొత్త అట్టపెట్టె విప్పినప్పుడు వచ్చే రంగుల వాసన, ప్లాస్టిక్ వాసన కలిసి మొన్న ఆదివారం వనపర్తిలోని మా ముందుగదంతా నిండిపోయింది. హైదరాబాదు నుంచి వచ్చిన మా మరిది కొడుకు ఏదో ఆట తెచ్చాడు. చాపంత పటం, దాని మీద అడవులు, కొండలు, వాగులు, ఇరవై ముఖాల పాచికలు, వేలెడంత బొమ్మలు. ఒకడు కథ చెబుతాడట, మిగతావాళ్లు ఆ కథలో బాటసారులట, పాచిక ఎలా పడితే దారిలో అలాంటిది ఎదురొస్తుందట. పన్నెండేళ్ల మావాడు కథ చెప్పే కుర్చీలో కూర్చుని, గొంతు మార్చి, "పొదల వెనకాల ఏదో కదిలింది" అన్నాడు. వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతూ నవ్వుకున్నాను. కాసేపటికి వాడే, "ఎదురొచ్చినోడు మీ దోస్తు లెక్కనే ఉన్నాడు, కానీ మీ దోస్తు కాదు" అన్నాడు. అంతే, చేతిలో గరిటెతోనే వెళ్లి, "అది వద్దు, ఇంకేదన్నా పెట్టు, పులిని పెట్టు" అని అరిచాను. పిల్లలు బిత్తరపోయారు. "అమ్మా, ఇది ఆటనే కదా" అన్నాడు మావాడు. ఆటేనని నాకు తెలియదా? వాళ్లమ్మ పటమూ పాచికా లేకుండానే ఈ ఆట ఆడిందని పాపం వాడికే తెలియదు. ఈలోపు పొయ్యి మీద తాలింపు మాడిపోయింది.

పెద్దమందడి దగ్గర మా ఊళ్లో దసరా వెళ్లిందంటే సగం ఇళ్లకు తాళాలు పడేవి. మేస్త్రి లారీ వచ్చి వేపచెట్టు కింద ఆగేది, గిన్నెల మూటలు, పారలు, గొంగళ్లు, ఆడా మగా అందరూ దాంట్లోకి ఎక్కేవారు, పుణె దిక్కు రోడ్లు వేయడానికి పోయి మళ్లీ ఉగాదికి వచ్చేవారు. చదువుకునే పిల్లల్ని మాత్రం బడిలోనే రెండు గదులు ఖాళీ చేసి పెట్టేవారు, దాన్నే హాస్టలనేవాళ్లం. పొద్దున జొన్నగటక, మధ్యాహ్నం దొడ్డుబియ్యం అన్నంలో నీళ్లలాంటి పప్పు, రాత్రికి వంట చేసే బాలమ్మవ్వ కాల్చిన ఎండుమిరపకాయలు నలిపి చేసే పచ్చిపులుసు, ఆ పచ్చిపులుసు కోసం మేం కొట్టుకునేవాళ్లం కూడా. చలికాలం నాపబండలు కాళ్లకు కరెంటు కొట్టినట్టు తగిలేవి, గోనెపట్టాల మీద ఒకరినొకరు కరుచుకుని పడుకునేవాళ్లం. మాఘమాసంలో చుట్టుపక్కల చేలల్లో పల్లికాయ పీకుతుంటే తడిమట్టి వాసన బడి లోపలిదాకా వచ్చేది, ఎవరో ఒక రైతు జాలిపడి గంపెడు కాయ ఇచ్చేవాడు, అవ్వ ఉప్పేసి ఉడకబెట్టేది, ఆ పూట మాకు అమ్మానాయినలు గుర్తొచ్చేవారు కాదు. మిగతా అన్ని పూటలా గుర్తొచ్చేవారు.

అలా గుర్తొచ్చి గుర్తొచ్చే దారి ఆట పుట్టింది. బొగ్గుముక్కతో నాపబండల మీద దారి గీసేవాళ్లం, మా ఊరు, వనపర్తి, కృష్ణ బ్రిడ్జి, రాయచూరు స్టేషను, ఆ తర్వాత ఎవరికీ తెలియదు గనక ఒక పొడుగాటి గీత, చివర్లో పుణె. ప్రతి పిల్లా తన అమ్మ పేరుతోనో నాయిన పేరుతోనో ఒక చింతపిక్క పెట్టుకుని నాలుగు గవ్వలు వేసేది. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని గళ్లు ముందుకు, నాలుగూ బోర్లా పడితే అడ్డం. అడ్డం పడిందంటే దారిలో ఏదో కాచుకుని ఉన్నట్టు, ఏం కాచుకుని ఉందో, దాని నుంచి ఎలా తప్పించుకోవాలో చెప్పేది నేను. పదకొండేళ్లకే నాకు అంత నోరు. బ్రిడ్జి కింద కొరివిదయ్యం, స్టేషన్లో టికెట్లు మింగే మొసలి, రైలు మీదికి దూకే ఎలుగుబంటి, ఒకటా రెండా! నేను చెబుతుంటే మగపిల్లలు కూడా అవ్వ కొంగు వెతుక్కునేవారు. అబ్బో, ఎంత గర్వమో నాకు.

వాటిలో నా సొంతది తోలుమారి. మా అమ్మమ్మది బల్మూరు దిక్కు అడవి అంచున ఊరు, ఆమె చెప్పిన ముక్కకు నా ముక్కలు నాలుగు అతికించాను. తోలుమారి దారిలో మనిషిని మింగి ఆ మనిషి తోలు తొడుక్కుంటుంది, అదే ముఖం, అదే మాట, అదే చీర, నేరుగా ఇంటికే వచ్చేస్తుంది. ఒక్క పాదాలు మాత్రం దానికి మనిషి తోలులో పట్టవు, అందుకని ఎవరికీ చూపించదు. దూరం నుంచి ఇంటికి వచ్చినవాళ్లకు మావైపు మొదట చెంబుతో నీళ్లిస్తారు, గడప బయటే కాళ్లు కడుక్కుంటారు. తోలుమారి మాత్రం ఆ నీళ్లు వద్దంటుంది, అదే గుర్తు. ఈ చివరి ముక్క నేనే కల్పించాను, దానికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ పిల్లల్లో మణి అని ఏడేళ్లది ఉండేది. నన్ను తోకలా పట్టుకుని తిరిగేది, నా పక్కనే పడుకునేది, "అక్కా, గిది నిజమా?" అని ప్రతిదానికీ అడిగేది. వాళ్లమ్మ చిట్టెమ్మ ఎక్కడున్నా సరే, ప్రతి ఆదివారం బడి ఎదుటి ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసేది. బూతాయన రోడ్డు మీద నుంచే "మణీ!" అని కేకేస్తే అది గౌను ఎగిరిపోయేలా పరిగెత్తేది. మా అమ్మ ఆ ఏడు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. నా కడుపు మంట ఎవరికి చెప్పుకోను? ఒక ఆదివారం అది ఫోన్ మాట్లాడి వచ్చి, ముఖం వెలిగిపోతూ, నా పక్కన కూర్చుని గవ్వలు వేసింది. రెండు వెల్లకిలా, రెండు బోర్లా. రెండు గళ్లు హాయిగా పోవాల్సిన చిట్టెమ్మను నేను గభాల్న గవ్వలన్నీ చేత్తో కలిపేసి ఆపేశాను. "అడ్డం పడ్డది" అన్నాను. "రాయచూరు దాటంగనే తోలుమారి మీ అమ్మను మింగింది. ఇగ వచ్చేది మీ అమ్మ కాదు." ఆ రోజు నుంచి బూతాయన కేకేసినా మణి కదిలేది కాదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకది కొన్నాళ్లు బాగానే అనిపించింది.

ఉగాదికి రెండు రోజుల ముందు లారీ వచ్చింది. ఆ విడతలో మా అమ్మానాయినలు లేరు, చిట్టెమ్మ దిగింది. నల్లబడి, సగమై, రెండు కాళ్లకూ మడమల పైదాకా పాతచీర గుడ్డలు చుట్టుకుని, పక్కనున్న మనిషి భుజం పట్టుకుని మెల్లగా నడుస్తూ బడి వాకిట్లోకి వచ్చింది. వేడి డాంబరు డబ్బా కాళ్ల మీద ఒలికిందని ఆ తర్వాత పెద్దవాళ్లు చెప్పుకుంటే విన్నాం. మణి అప్పటికే చెంబుతో నీళ్లు పట్టుకుని గడపలో నిలబడి ఉంది.

"అమ్మా, కాల్లు కడుక్కో."

"వద్దు బిడ్డా, తర్వాత కడుక్కుంట" అంది చిట్టెమ్మ. ఆ పుండ్లు చూసి పిల్ల జడుసుకుంటుందని ఆమె భయం.

"గుడ్డ ఇప్పు."

"వద్దంటున్న గద తల్లీ, జర దగ్గరికి రా."

చెంబు కిందపడింది. మణి పెట్టిన కేకకు బాలమ్మవ్వ వంటింట్లోంచి ఉరికి వచ్చింది. "మా అమ్మ కాదు, మా అమ్మ కాదు" అంటూ అది అవ్వ కాళ్లను చుట్టేసుకుంది. చిట్టెమ్మ చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఆర్నెల్ల తర్వాత బిడ్డను చూసుకున్న తల్లి ఆమె. ఊరంతా పూర్ణం బచ్చాలు చేసుకున్న ఆ పండుగ పూట, మణి హాస్టల్లోనే అవ్వ దగ్గర పడుకుంది. బలవంతంగా ఇంటికి తీసుకుపోతే ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. దయ్యం పట్టిందని ఒకరు తాయెత్తు కట్టారు, దవాఖానకు తీసుకుపొమ్మని ఒకరన్నారు.

నాలుగో రోజు చిట్టెమ్మ కుంటుకుంటూ బడికి వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు దానితోనే ఉంటవు గద బిడ్డా, ఏమైందో నీకేమన్న ఎరుకనా?" అని అడిగింది. ఆమె ఒంటి నుంచి డాంబరు వాసన, మందు వాసన వస్తున్నాయి. ఒక్క మాట చెబితే అయిపోయేది. దెబ్బలు పడతాయన్న భయం, ఇక ఎవరూ నా కథ వినరన్న భయం, రెండూ కలిసి నా నోరు నొక్కేశాయి.

"తెల్వదు" అన్నాను.

ఆమె వదులైన కాలి కట్టు బిగించుకుంది. "నేను ఇడిసిపోతి గద. బర్రె దుడ్డెలు గూడ ఆర్నెల్లకు తల్లిని మరుస్తయి. అది నా మొఖం మర్సింది" అంది. ఇంకో పది రోజులకు, వానలు పడేలోపు మిగిలిన పని కోసం మేస్త్రి లారీ మళ్లీ వచ్చింది. కాళ్లు పూర్తిగా మానలేదు కాబట్టి చిట్టెమ్మను అక్కడ వంటపనికి పెట్టుకుంటామన్నారు. ఈసారి ఆమె మణిని వెంట తీసుకుపోయింది. "చదువు లేకుంటె పాయె, నా మొఖమన్న గుర్తుంటది" అని అవ్వతో అనడం నేను విన్నాను. మణి రెండో తరగతి పుస్తకాలు గోనెపట్టా కింద అలాగే ఉన్నాయి. అది మళ్లీ బడికి రాలేదు. నేను మాత్రం చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, రోజూ పిల్లలకు నిజం చెప్పాలని పాఠం చెబుతాను.

ఇప్పుడు మా ఊరి చేలకు కాలువ నీళ్లు వచ్చాయి, దసరాకు లారీ రావడం లేదు. హాస్టలు గదుల్లో పాత బెంచీలు పడేశారు, దారి గీసిన నాపబండల మీద టైల్స్ వేశారు. బాలమ్మవ్వ పోయింది, ఆ పచ్చిపులుసు రుచి ఎవరికీ రాలేదు. దారి ఆట పేరు చెబితే మా ఊరి పిల్లలకు తెలియదు. మణి మాత్రం ఉంది. రెండేళ్లుగా వనపర్తిలో నేను బడికి పోయే దారిలోనే, రోడ్డు పక్కన కట్టెలపొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు అమ్ముతోంది. చూసిన మొదటి రోజే గుర్తుపట్టాను, ఆ రోజు నుంచీ ఆ మలుపులో తల తిప్పుకుని పోతున్నాను. తాలింపు మాడిన ఆదివారం సాయంత్రం ఇక ఉండబట్టలేక వెళ్లాను.

నన్ను చూడగానే "అక్కా, నువ్వా!" అని పీట జరిపింది. నిలబడే మొత్తం చెప్పేశాను, నేను గవ్వలు కలిపేసిన సంగతి, వాళ్లమ్మ అడిగితే తెల్వదన్న సంగతి. పిండిముద్ద మీద దాని చేయి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"నాకు ఎరుకనే అక్కా. అమ్మ వచ్చిన నాలుగైదు దినాలకే కట్లు ఇప్పి మందు పెట్టుకుంటుంటె తలుపు సందుకెళ్లి చూసిన. మా అమ్మ కాల్లే. చిటికెనేలు మీద మచ్చ గూడ ఉన్నది."

"మరి లారీ వచ్చేదాకా ఎందుకేడ్చినవే?"

"గిట్లనే ఏడిస్తె ఈసారి ఎంట తోల్కపోవాలె అని అమ్మ అవ్వతోని అంటుంటె విన్న. ఏడుపు బంజేస్తె మల్ల నన్ను ఈడనే ఇడిసి పోతుండె గద." రొట్టెను పెనం మీద వేసి, తడిచేత్తో పైన నీళ్లు రాసింది.

"పెద్దయినంకనన్నా అమ్మకు చెప్పినవా?"

తల అడ్డంగా ఊపింది. పొగకో ఏమో కళ్లు తుడుచుకుంది. "ఎన్నిసార్లో నోటిదాంక వచ్చింది, చెప్పలేకపోయిన. నిరుడు పోయిందక్కా. పోయేదాంక గంతే, అంగడికి పోయొచ్చినా, చేనుకు పోయొచ్చినా, గడపల నిలవడి నన్ను అడుగుతుండె, 'గుర్తువట్టినవా బిడ్డా?' అని."