మా మరిది ఐదో ఫౌల్

మా జిల్లా ఆటగాళ్లకు మాత్రమే అని పెట్టిన బాస్కెట్‌బాల్ టోర్నమెంటు అది. బయటి నుంచి ఒక్కరినీ తెచ్చుకోకూడదు. మెదక్, ఎల్దుర్తి, శంకరంపేట, కౌడిపల్లి, ఇట్లా ఊళ్ల పేర్ల మీదే జట్లు. సీజనంతా ఆడేవాళ్లకు జీతంలా డబ్బులిస్తారు. ఆడితే పైసలొస్తాయన్న మాట మా వైపు అప్పుడే మొదటిసారి విన్నాం. రిఫరీలు కూడా ఇక్కడివాళ్లే ఉండాలన్నారు. నేను మెదక్‌లో ఒక బడిలో పీఈటీని, రిఫరీ పరీక్ష పాసైనదాన్ని. అందుకే పిలిచారు.

చిక్కల్లా మెదక్ జట్టును మోస్తున్నది మా మరిది కావడం. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. ఎల్దుర్తితో సెమీఫైనల్‌కు నన్ను వేశారని తెలియగానే వెళ్లి, తప్పించమని అడిగాను.

"గీ జిల్లాల ఎవల్ని వెట్టినా ఎవలకో ఒకలకు సుట్టమే అయితరు మేడం. మేమేడికెంచి తేవాలె?" అని నవ్వాడు నిర్వాహకుడు.

నాకు నవ్వు రాలేదు. సెమీఫైనల్ రోజు పొద్దున పిండి కలుపుతుంటే మా అత్తమ్మ పక్కకు వచ్చి, "ఇయ్యాల గెలుస్తరు గదా బిడ్డా?" అంది. నా చేతిలో ఏదో ఉన్నట్టు అడిగింది. మరిది మాత్రం బూట్ల లేసులు కట్టుకుంటూ నా వైపు చూడనే లేదు.

సాయంత్రం గ్రౌండు నిండిపోయింది. గోడ మీద కూడా మనుషులే. ఆట మొదలయ్యాక భయం కొంచెం తగ్గింది, పరుగెత్తడంలో మరిచిపోయాను. కానీ మూడో క్వార్టర్‌లో మరిదికి నాలుగో ఫౌల్ పడింది. అది ఊదింది నాతో ఉన్న రెండో రిఫరీ, రిటైరైన పీఈటీ సారు. ఇంకొక్కటి పడితే బయటికే. దేవుడా, ఆ ఒక్కటి నా ముందర జరగొద్దు అనుకున్నాను.

నా ముందరే జరిగింది. ఆఖరి నిమిషం, మెదక్ ఒక్క పాయింటు వెనక ఉంది. మరిది బంతితో దూసుకొచ్చాడు. ఎల్దుర్తి పిల్లవాడు రెండు కాళ్లూ నేలకు పాతినట్టు నిలబడి ఉన్నాడు, కదల్లేదు. మరిది అతన్ని గుద్ది పైకి లేచాడు. పిల్లవాడు వెల్లకిలా పడ్డాడు, బంతి రింగులో పడింది. జనం ఒక్కసారిగా ఎగిరారు. అప్పటికే నేను విజిల్ ఊదేశాను.

కదలకుండా నిలబడ్డవాణ్ని గుద్దితే ఫౌల్ గుద్దినవాడిదే. బాస్కెట్ చెల్లదని చేతులు అడ్డంగా ఊపాను. మరిదికి ఐదో ఫౌల్ చూపించాను. అతను నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. టవల్ తీసుకుని వెళ్లి కూర్చున్నాడు.

"ఇంటిదే ముంచింది!" అని ఎవరో అరిచారు. "ఎల్దుర్తోళ్లకు అమ్ముడువోయింది!" అని ఇంకొకరు. నీళ్ల బాటిల్ వచ్చి నా కాలి దగ్గర పడింది. మెదక్ ఓడిపోయింది.

సారూ నేనూ సామాన్ల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాం. బయట అరుపులు దగ్గరికొస్తున్నాయి. రేకుల మీద రాళ్లు పడ్డాయి. సారు చెమట తుడుచుకుంటూ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. మా ఆయన డ్యూటీ మీద సిద్దిపేటలో ఉన్నాడు. ఫోన్ చేసినా, అక్కణ్నుంచి రావడానికి గంట పైనే పడుతుంది.

అంతలో తలుపు కొట్టారు.

"వదినా, నేనే. తలుపు తియ్యి."

నిజం చెప్పాలంటే, ఆ గుంపు కంటే ఆ గొంతుకే ఎక్కువ భయపడ్డాను. సారు నా వైపు చూశాడు. గడియ తీశాను.

"బండి తెచ్చిన, ఎక్కు. సార్, మీరు గూడ ఎనక ఎక్కుండ్రి," అన్నాడు. ముఖంలో కోపముందో లేదో తెలియలేదు. ముగ్గురం ఒక్క బండి మీద గేటు దాకా వచ్చాం. అక్కడ ఒకడు హ్యాండిల్ పట్టుకున్నాడు.

"నీ మీదనే ఊదింది గదరా! ఆమెనే ఎక్కిచ్చుకుంటున్నవా?"

"గుద్దింది నేనే. ఆడు కదల్లే. జరుగు," అన్నాడు మరిది.

ఆ మనిషి చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. వీపుల మీద ఏం పడుతుందోనని చౌరస్తా దాటేదాకా తల వంచుకునే కూర్చున్నాను.

ఇంట్లో అత్తమ్మ నాకు అన్నం పెట్టి అవతలికి వెళ్లిపోయేది. మరిది నాకంటే ముందే తిని లేచిపోయేవాడు. బజారుకు పోతే కూరగాయలామె, "నువ్వేనా గా పిల్లవి?" అని తేరిపార చూసింది. బడికి దారి మార్చి వెళ్లాను. వెనక బండి చప్పుడైతే చాలు, గోడ వైపు జరిగేదాన్ని.

ఒక రోజు అన్నం తింటూ మరిదే అడిగాడు.

"వదినా, ఆడు జరంత కదిలిండనుకో. నా బాస్కెట్ చెల్లుతుండెనా?"

"చెల్లేది."

"మస్తు నిలవడ్డడు," అని పెరుగు వేసుకున్నాడు. అత్తమ్మ మా ఇద్దరినీ చూసి, నాకూ ఇంత వడ్డించింది.

ఫైనల్‌కు మళ్లీ నన్నే వేశారు. వెళ్లాను. మెదక్ లేని ఆటే అయినా, జనం అరిచిన ప్రతిసారీ నా కళ్లు బంతిని వదిలేసి గేటు వైపు పోయేవి. వాటిని మళ్లీ బంతి మీదికి లాక్కుంటూనే ఆ ఆట పూర్తిచేశాను.