కిషన్ రావు బావ గళ్ల పుస్తకం

మా కిషన్ రావు బావకు ఈ లోకంలో కనిపించేవన్నీ జంపఖానా డిజైన్లే. కిటికీ చువ్వలు, పక్కింటి ముగ్గు, పూలామె బుట్టలో మూరలు చుట్టిన తీరు, ఆఖరికి ఎండిన మడిలో నెర్రెలు కూడా. కనిపించినదాన్ని అక్కడికక్కడే నిలబడి గళ్ల పుస్తకంలోకి ఎక్కించుకోకపోతే ఆయనకు ఆ పూట అన్నం సహించదు. ఆయన ఎక్కించుకునేంతసేపు స్కూటర్ పట్టుకుని నిలబడే మనిషికి అన్నం అందదు. ఆ మనిషిని నేను.

వరంగల్ మట్టెవాడలో బావది జంపఖానాల దుకాణం. నేను ఆయన బామ్మర్దిని, భానుచందర్. బావకు బండి నడపడం రాదు. నేర్చుకోమంటే, "నడుపుకుంట పోతె చూసుడెట్ల రా?" అంటాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన చూస్తున్నాడు, నేను నడుపుతున్నాను. "ఆపు భానూ, ఆపు! ఇది పట్టాలె!" అని వెనక నుంచి కేక పెట్టీ పెట్టీ నా కుడిచెవికి వినికిడి తగ్గింది. బ్రేకులు వేసీ వేసీ నడుము పోయింది. ఆయన మాత్రం చెవిలో పెన్సిల్, చంకలో చిన్నపిల్లల లెక్కల పుస్తకంతో నవనవలాడుతూ ఉంటాడు. పుస్తకంలో గళ్లు నింపి నేతగాడికిస్తే, అతను గడికిన్ని పోగులని లెక్కపెట్టుకుని ఆ బొమ్మనే జంపఖానా మీద నేస్తాడు. అదీ ఆయన వ్యాపారం.

ఒకసారి మా కళావతి అక్క కొత్తిమీర కట్ట తెమ్మని మమ్మల్ని పంపింది. చౌరస్తాలో ఒక లారీ కనబడింది. దాని వెనక తలుపు మీద ఎవరో పెయింటర్ తామరపువ్వు వేశాడు. "లారెనక పో!" అన్నాడు బావ. లారీ ఆగితే కదా! కాజీపేట దాటింది, ఘన్‌పూర్ దాటింది, రఘునాథపల్లిలో టీ హోటల్ ముందు ఆగింది. మమ్మల్ని చూసి డ్రైవర్ చేతులు జోడించాడు.

"నేనేం చేసిన సార్?"

"నువ్వేం చెయ్యలే తమ్మీ. బండి జర ఎండల వెట్టు, పువ్వు మీద నీడ పడ్తాంది."

మేం ఇల్లు చేరేసరికి సాయంత్రం అయింది. కొత్తిమీర వాడిపోయి తోటకూరలా వేలాడుతోంది. అక్క దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఏం రా, కొత్తిమీర వరంగల్‌ల దొరుకుతలేదా?" అంది. బావను ఏమీ అనలేదు. ఆయన్ని అనీ అనీ అలసిపోయి ఆ వాటా కూడా నాకే రాసిచ్చింది.

తొర్రూరులో ఒక పెళ్లికి వెళ్తే, బావ పెళ్లికూతురు వంక చూడనేలేదు. బక్కమ్మ అనే ముసలావిడ చీర అంచు పట్టుకున్నాడు. పట్టుకోవడమంటే కళ్లతోనే లెండి. ఆవిడ వంటల దగ్గరికి వెళ్తే అక్కడికి, చేతులు కడుక్కోను వెళ్తే అక్కడికి, వెనకే పుస్తకంతో నడిచాడు. ఆవిడ కొడుకులు ముగ్గురూ వచ్చి చుట్టుముట్టారు.

"ఎవలు నువ్వు? మా అవ్వెనక తిరుగుతానవేంది?"

నేను అప్పటికే చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉన్నాను. బావ పుస్తకం తెరిచి చూపించాడు. బక్కమ్మ తొంగి చూసింది. కొడుకులను పక్కకు నెట్టి, కుర్చీలో కూర్చుని, కొంగు మోకాళ్ల మీద పరిచింది.

"గీసుకో కొడుకా. ముప్పై ఏండ్ల సంది కడ్తాన, గీ అంచు దిక్కు చూసినోడు లేడు."

ఆ రోజు అందరికంటే చివర తిన్నాం. పప్పు మాత్రమే మిగిలింది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. నాకు ఛాతీలో నొప్పి వచ్చి దవాఖానలో పడుకున్నప్పుడు మాత్రం బాగా కష్టమనిపించింది. ఈసీజీ తీశారు. కాగితం చూసి బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మీద ప్రేమ అనుకున్నాను.

"చూసినవా భానూ, ఎంత మంచిగ ఎక్కి దిగుతాంది! వీళ్లే గళ్లు గూడ గీసి ఇస్తాండ్రు!"

గ్యాస్ నొప్పని తేల్చి పంపేశారు. నెల తిరిగేసరికి ఆ గీత ఎర్రంచు మీద తెల్లగా నేసిన జంపఖానా మా ఇంటికి వచ్చింది. ఇప్పటికీ చుట్టాలొస్తే దానిమీదే కూర్చోబెడతారు. నా గుండె మీద కూర్చుని అందరూ చారు జుర్రుకుంటూ ఉంటే నేను నిలబడి వడ్డిస్తాను.

ఈ డిజైన్లన్నీ నేసేది కొత్తవాడ కట్టయ్య. డెబ్బైకి ఒక ఏడాది తక్కువ. మగ్గం పక్కన కోడలు వినోద కూర్చుని, గోడకు అతికించిన కాగితం చూస్తూ, "నలుపు ఆరు, ఎరుపు నాలుగు" అని చదువుతుంది. కట్టయ్య వేళ్లతో పోగులు లెక్కపెట్టి రంగు నూలు దూరుస్తాడు. "నా వేళ్లకు కండ్లున్నయ్" అనేది ఆయన మాట. ఒకప్పుడు అది నిజమే.

పోయిన ఏడు హైదరాబాదు నుంచి ఓంప్రకాశ్ అనే ఆయన పెద్ద హాలుకు ఒక జంపఖానా కావాలన్నాడు. మట్టెవాడలో ఒక పాత ఇంటి కిటికీ చట్రం నుంచి బావ డైమండ్ల డిజైన్ గీశాడు. ఓంప్రకాశ్ ఫోన్లోనే చెప్పాడు: స్వయంగా వచ్చి చూస్తాడట, గీసినదానికీ నేసినదానికీ ఒక్క పోగు తేడా ఉన్నా తీసుకోడట.

సగం నేశాక ఒక మధ్యాహ్నం వినోద మమ్మల్ని రమ్మని కబురు చేసింది. కట్టయ్య లోపల అన్నం తింటున్నాడు. వినోద మగ్గం మీద గుడ్డ తీసి చూపించింది. మొదటి నాలుగు వరుసలు బాగున్నాయి. అయిదో వరుస నుంచి ఒక్కో డైమండు ఒక్కో పోగు కుడికి జరిగింది. పదో వరుసకొచ్చేసరికి అన్నీ గోడకు ఆనుకుని కునికిపాట్లు పడుతున్న మనుషుల్లా ఒరిగిపోయాయి.

"మామకు కనవడ్తలేదు సేటూ," అంది వినోద గొంతు తగ్గించి. "కండ్లు చూపిచ్చుకో మామా అంటే రెండు దినాలు అన్నం ముట్టలే. ఇన్నేండ్లల్ల ఆయన బట్ట ఒక్కటి వాపస్ రాలే. అచ్చిననాడు మగ్గం ఇప్పేస్త అంటడు. మగ్గం ఇప్పితే మామ బతకడు."

బావ ఆ ఒరిగిన డైమండ్లనే చూస్తున్నాడు. మెల్లగా పెన్సిల్ తీశాడు.

"ఆపు భానూ, ఆపు! ఇది పట్టాలె."

నేను స్కూటర్ మీద కూడా లేను. ఆయన నేల మీద చతికిలబడి గంటన్నర గీశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బయటికి లాక్కొచ్చాను.

"బావా, నీకు జర బుద్ధున్నదా? పెద్దమనిషి మగ్గం పోతాంటే నీకు డిజైన్ దొరికిందా?"

బావ లోపలికి వెళ్లి, గోడ మీద ఉన్న తన పాత కాగితం పీకి, కొత్తది అతికించి వచ్చాడు. పాతదాన్ని నాలుగు ముక్కలు చేసి నా చేతిలో పెట్టాడు. "మోరీల వెయ్యి" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు.

ఆ రోజే దుకాణంలో పాత పుస్తకాలు తిరగేశాను. రెండేళ్ల నుంచి కట్టయ్య నేసిన ప్రతి జంపఖానా దగ్గరా ఒక కాగితం చింపిన గుర్తుంది, దాని స్థానంలో ఇంకోటి అతికించి ఉంది. రెండేళ్లుగా బావ గీసింది కట్టయ్య నేయడం లేదు. కట్టయ్య నేసింది బావ గీస్తున్నాడు. ఇరవై రెండేళ్లు ఈ మనిషిని వెనక కూర్చోబెట్టుకుని తిరిగినవాడిని, నాకు ఈ సంగతి తెలియలేదు. సిగ్గేసింది.

మిగతా సగం నేశాక బావ దాన్నీ అలాగే కాగితంలోకి ఎక్కించుకున్నాడు. ఓంప్రకాశ్ వచ్చాడు. పెన్ను పెట్టి గళ్లు లెక్కపెట్టాడు, వేలు పెట్టి పోగులు లెక్కపెట్టాడు. అన్నీ సరిపోయాయి.

"ఇవెందుకు ఒరిగినయ్?"

"అది పాత ఇంటి కిటికీ సార్," అన్నాడు బావ తడుముకోకుండా. "పొద్దు వాలినంక దాని నీడ ఇట్లనే ఒరుగుతది. కిటికీని ఎవలన్న గీస్తరు. నేను నీడను గీసిన."

ఓంప్రకాశ్ ఇంకోసారి వంగి చూశాడు. "ఇంకో నాలుగు కావాలి. సేమ్ టు సేమ్. ఒక్క పోగు తేడా రావద్దు" అని వెళ్లిపోయాడు. తెలియక చేసిన తప్పును తెలిసి నాలుగుసార్లు చేయించడం ఎలా?

పది రోజులకు, ఆ నాలుగింటిలో మొదటిది మగ్గం మీద ఉండగా, కట్టయ్య నన్నొక్కణ్ణే రమ్మన్నాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"బిడ్డా, మీ బావ కండ్లు మసకవడ్డయ్."

"ఎవరివి?"

"మెల్లగ. కోడలు సదువుతాంటే లెక్క వెట్టిన. అయిదో వరుస సంది ఒక్కొక్క పోగు జారగొడ్తాండు. అసుమంటి మనిషి కాదు. నేనేం అనలే. ఎట్ల గీస్తె అట్లనే నేస్తాన. చెప్తె మనసు కష్టవెట్టుకుంటడు. నువ్వు జర దవాఖానకు తీస్కపో."

నేను మగ్గం వైపు చూశాను. కాగితంలో డైమండ్లు కుడికి ఒరిగాయి. ఈసారి కట్టయ్య చెయ్యి ఎడమకు జారింది. రెండూ కలిసి, డైమండ్లు జెండా కర్రల్లా నిటారుగా నిలబడ్డాయి. అంత చక్కటి జంపఖానా ఎందుకూ పనికిరాదు.

జరిగింది బావకు చెప్పాను. నవ్వుతాడనుకుంటే ఆలోచనలో పడ్డాడు. మర్నాడు కట్టయ్య ఇంటికి గోడ తడుముకుంటూ వెళ్లాడు.

"కట్టయ్యన్నా, నిజంగనే కనవడ్తలేదే. దవాఖానకు ఒక్కన్ని పోవాలంటె భయమైతాంది. తోడత్తవా?"

తన కళ్లకోసం గడప దాటనివాడు, బావ కళ్లకోసం చెప్పులు కూడా వెతుక్కోకుండా బయలుదేరాడు. మెట్లు దిగేటప్పుడు బావ చెయ్యి పట్టుకుని, "మెల్లగ సేటూ, ఇక్కడ రాయి ఉన్నది" అన్నాడు. అక్కడ రాయి లేదు. రెండడుగుల అవతల ఉన్నదానికి తనే తట్టుకున్నాడు.

దవాఖానలో డాక్టరమ్మ ముందు బావను కూర్చోబెట్టి గోడ మీద పటం వెలిగించింది. మూడు పండ్ల దువ్వెనల్లాంటి నల్లటి గుర్తులు, కొన్ని కుడికి, కొన్ని ఎడమకు, కొన్ని పైకి, కొన్ని కిందికి, పోనుపోను చిన్నవవుతూ. పండ్లు ఎటు తిరిగాయో చెప్పమంది.

"ఆపు డాక్టరమ్మా, ఆపు! ఇది పట్టాలె!"

ఆఖరి వరుసలో చీమ తలకాయంత గుర్తులు కూడా వదలకుండా బావ పుస్తకంలోకి ఎక్కిస్తుంటే, డాక్టరమ్మ నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

"వీరికి ఏ జబ్బూ లేదు," అంది ఆవిడ.

"ఉంటది డాక్టరమ్మా, నాకు భయంతోటి చెప్పరాలే. ముందు మా అన్నకు చూడుండ్రి. ఆయనను చూసి ధైర్యం తెచ్చుకుంట."

అంత మాటన్నాక కట్టయ్య కూర్చోక తప్పలేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు. బావకు ధైర్యం చెప్పడానికే ఒక కన్ను, ఆ ధైర్యం చాలలేదంటే రెండో కన్ను ఆపరేషన్ చేయించుకున్నాడు. తర్వాత ఓంప్రకాశ్ అడిగిన నాలుగూ కాగితంలో ఉన్న వంకర ఉన్నట్టు, పోగు తేడా లేకుండా నేసి ఇచ్చాడు.

మొన్న ఆయన దుకాణానికి వచ్చాడు. ఆ రెండేళ్లలో నేసిన జంపఖానా ఒకటి అక్కడ నేల మీద పరిచి ఉంది, లారీ తామరపువ్వుది. రేకులన్నీ గాలికి కొట్టుకుపోయినట్టు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. కట్టయ్య వంగి, కూర్చుని, రేకుల మీద వేళ్లు నడిపించాడు. తన చేతిపని తనకు తెలియదా?

"సేటూ, ఇది నేను నేసిందేనా?"

"నువ్వే నేసినవన్నా," అన్నాడు బావ. "నేను గీసినట్టే నేసినవ్. అప్పుడు నా కండ్లు మంచిగ లేకుండె."

కట్టయ్య కొత్త కళ్లతో బావను పైనుంచి కిందిదాకా చూశాడు. మీసం కదిలింది.

"అవునవును. నీకు అప్పుడు ఒక్క తీరుగ కనవడకుండె. ఇగనన్న జర చూసి గియ్యి."

బావ బుద్ధిగా తలూపి, దవాఖాన పటం గీసిన కాగితం అందించాడు. కట్టయ్య దాన్ని ఎండలోకి పట్టుకుని, వినోద సాయం లేకుండా, "నలుపు అయిదు, తెలుపు రెండు" అని చదువుకుంటూ వెళ్లిపోయాడు.

మేం ఇంటిదారి పట్టాం. నడుము నొప్పి, ఆకలి, హ్యాండిల్‌కు అక్క చెప్పిన కొత్తిమీర కట్ట. ఒక సైకిల్ రిపేరు షాపు ముందు నేనే బ్రేకు వేశాను. అక్కడ పాత టైర్లు ఒకదాని మీద ఒకటి, కొంచెం కొంచెం జరిపి పేర్చి ఉన్నాయి.

"ఏమైంది రా?" అన్నాడు బావ.

"మంచిగున్నయ్ కదా బావా."

బావ టైర్లను చూశాడు, నన్ను చూశాడు. బండి దిగి హ్యాండిల్ తన చేతిలోకి తీసుకుని, చెవిలో పెన్సిల్ తీసి నాకిచ్చాడు.

"బండి నేను పట్టుకుంట. నువ్వు గియ్యి."

నాకు సరిగ్గా గీయడం రాదు. ముప్పావు గంట పట్టింది. కొత్తిమీర వాడిపోయింది.