కోటయ్య చెప్పిన లోతు

పోయిన వారం ఒక మిత్రుడు నా ముందు లావుపాటి కేటలాగు ఒకటి పెట్టి, వీటిలో ఏది మేలో చెప్పమన్నాడు. పుట తిప్పగానే నున్నటి కాగితం మీది సిరా వాసన గుప్పుమంది. కిరోసినుకూ వార్నిషుకూ మధ్యరకంగా ఉండే ఆ వాసన పీల్చి దాదాపు నలభై ఏళ్లు. లోపలంతా నీలి సముద్రం మీద తెల్లటి పడవలు. లాంగ్ రేంజ్ ట్రాలర్ యాట్లంటారు వాటిని. చేపల వేటకు పోయే పెద్ద మరపడవ ఆకారమే గానీ లోపల పడకగదులు, వంటగది, సోఫాలు, ఫ్రిజ్జు అన్నీ ఉంటాయి. వేగం తక్కువ, బరువు ఎక్కువ. ఒకసారి డీజిలు నింపితే రోజుల తరబడి పోతూనే ఉంటాయి. పడవల మంచిచెడ్డలు చూసి రిపోర్టులు రాయడమే నా బతుకుతెరువు కాబట్టి మిత్రుడు నన్ను అడగడంలో వింత లేదు. నేను మాత్రం ఆ పుస్తకం మూసేసి, కాఫీ తాగుదాం రమ్మని మాట మార్చాను. ఆ వాసనకు నాకు గుర్తొచ్చింది పడవలు కాదు, కోటయ్య. ఆయన గుర్తొస్తే నాకు తల కొట్టేసినట్టుంటుంది.

ఎనభైల నడుమ నాకు ఇరవై మూడేళ్లు. మాది నకరికల్లు. మెకానికల్ డిప్లొమా చేతికి రాగానే మాచర్లలో నాపరాళ్ల క్వారీలున్న రామలింగయ్య గారి దగ్గర పనికి కుదిరాను. లారీలు, కంప్రెషర్లు చూసుకోవడం నా పని. ఆయనకు సాగర్ రిజర్వాయరులో ఒక పాత చెక్క లాంచీ కూడా ఉండేది. విజయపురి సౌత్ రేవు నుంచి గట్టు వెంట పల్లెలకు మనుషులనూ సరుకులనూ చేరవేసేది. దాని ఇంజను మొరాయించినప్పుడల్లా నన్ను పంపేవారు. దాన్ని నడిపేది కోటయ్య. అరవైకి దగ్గరపడిన మనిషి, పొట్టివాడు, మాట్లాడేటప్పుడు కూడా మన ముఖం చూడకుండా నీళ్లనే చూసేవాడు. డ్యాము కట్టినప్పుడు ఆయన ఊరు నీళ్లలో మునిగిపోయింది. అంతకు ముందు ఎడ్లబండి తోలిన మనిషి, ఊరు పోయాక అదే నీళ్ల మీద లాంచీ తోలడం నేర్చుకున్నాడు. వయసును బట్టి నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బాయ్ అనేవాడు.

మొదటిసారి ఆయనతో ప్రయాణం చేసిన రోజు, నడి నీళ్లలో ఉన్నట్టుండి ఇంజను ఆగిపోయింది. నేను స్పానరు పట్టుకుని లేచాను.

“ఏంది బాబాయ్, మళ్లీ చెడిందా?”

“చెడలా. ఊళ్లోకొచ్చాం అబ్బాయ్. చెప్పులిడువు.”

చుట్టూ చూస్తే నీళ్లు తప్ప ఏమీ లేవు. కోటయ్య తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకున్నాడు. లాంచీలో ఉన్న పల్లెజనం కూడా అలవాటు ప్రకారం చెప్పులు విడిచి కూర్చున్నారు. ఆయన పొడుగాటి వెదురు గడ నీళ్లలోకి దించి, మెల్లగా తోసుకుంటూ పోయాడు. ఒకచోట గడ టక్కుమంది. “ఇది మునసబు గారి మేడ గోడ. రాతికట్టు, ఇంకా కూలలా. దీని పక్క సందులోనే మా ఇల్లు,” అన్నాడు. నాకు నవ్వొచ్చింది, దాచుకున్నాను గానీ ఆయన కనిపెట్టాడు. “మర్యాద కోసమే అనుకుంటన్నావా? ఇంజను మోగతా ఉంటే గడ చెప్పేది ఇనపడదు అబ్బాయ్. ఊరికి మర్యాద ఇస్తే లాంచీ కింద నీళ్లు తోసే ఫ్యాను రెక్కలు గూడా మిగుల్తయ్,” అన్నాడు. అప్పుడు సిగ్గుపడి చెప్పులు విడిచాను.

ఆ తర్వాత ఏడాది పాటు, పని ఉన్నా లేకపోయినా ఆదివారం రేవుకు పోయేవాణ్ణి. తాడుకు రాయి కట్టి లోతు చూడటం ఆయనే నేర్పాడు. వానాకాలంలో ఎంత తాడు దిగిందో, మాఘమాసంలో అదే చోట ఎంత దిగిందో తాడుకు ముడులు వేసి గుర్తుపెట్టుకునేవాడు. ఏ పడవనైనా మూడే ప్రశ్నలడిగేవాడు: ఎంత మునుగుద్ది, ఎంత నిదానంగా పోగలదు, ఆగిపోతే ఏం చేస్తావు. కాలేజీలో మూడేళ్లు చదివాను, ఒక్క లెక్చరరూ పడవ ఆగిపోతే ఏం చేస్తావని అడగలేదు.

ఇంతలో రామలింగయ్య గారికి మద్రాసు నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన విదేశీ కేటలాగు ఇచ్చిపోయారు. మా అయ్యగారికి అది చూసినప్పటి నుంచి నిద్ర పట్టలేదు. బయటి నుంచి వచ్చే వ్యాపారులను సొంత పడవలో, కొండల మధ్యగా, శ్రీశైలం దాకా తీసుకుపోవాలని ఆయన కోరిక. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. పడవలోనే పడక, పడవలోనే వంట. విదేశం నుంచి తెప్పించడం అయ్యేపని కాదు కాబట్టి బొమ్మ చూపించి కాకినాడ వైపు కట్టించాలనుకున్నారు. ఏ రకం కట్టించాలో తూచి రిపోర్టు రాయమని నాకు అప్పగించి, “పడవ వస్తే దానికి ఇన్‌చార్జివి నువ్వే,” అన్నారు. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

కేటలాగు తీసుకుని తిన్నగా కోటయ్య దగ్గరికే పోయాను. ఆయన చేతులు పంచెకు తుడుచుకుని, పెళ్లి ఆల్బం చూసినట్టు ఒక్కో పుటా తిప్పాడు. ముక్కు పైకెత్తి దూసుకుపోయే స్పీడుబోటు చూసి పెదవి విరిచాడు.

“ఇది ఉరుకుద్ది. ఉరికి యాడికి పోవాల? కొండ మలుపులో ఎదురుగా చేపలోళ్ల పుట్టి వస్తే ఆగుద్దా? ఇంతకీ నూనె ఎంత తాగుద్ది?”

“చానా తాగుద్ది బాబాయ్. సగం దారిలో అయిపోద్ది.”

“మరి కొండల్లో బంకు పెట్టుకుంటాడా మీ అయ్యగారు?”

ట్రాలరు బొమ్మ దగ్గర మాత్రం ఆయన ముఖం వెలిగింది. “ఇది మంచి పడవ అబ్బాయ్. నిదానస్తురాలు. బరువుంది, గాలికి ఊగదు. ఒకటే డీజిలింజను, ఆగినా మనమే ఇప్పి బాగుజేసుకోవచ్చు. ట్యాంకు చూడు, ఎంత పెద్దదో. శ్రీశైలం పోయి వచ్చినా ఇంకా మిగుల్తది.” అని, పడవ అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు కిందికి దిగి ఉన్న దూలం మీద వేలు పెట్టాడు. “ఈ ఎముక ఏంది?”

“కీల్ అంటారు. సముద్రంలో అలలు కొడితే పడవ దారి తప్పకుండా పట్టుకుంటది.”

“సముద్రం కింద ఊళ్లుండవు గదా,” అన్నాడు కోటయ్య. “దీన్నే కట్టించమను. ఈ ఎముక మాత్రం కోయించి, అడుగు బల్లపరుపు జెయ్యమను. కాదంటే, నీళ్లు దిగినాక మా ఊరి మీదుగా తేవద్దు, లోతుండే పాత ఏటి దారిన చుట్టు తిరిగి పోవాలని రాయి. శివరాత్రికే దిగుతయ్ నీళ్లు. మునసబు గారి గోడ ఉందని రాయి.”

రాశాను. ఆ రిపోర్టులో మంచి మాటలన్నీ ఆయనవే. వేగం ఎందుకు పనికిరాదో, బరువు ఎందుకు మేలో, ఒక్క ఇంజను ఎందుకు చాలో అన్నీ ఆయన చెప్పినవే నా ఇంగ్లీషులోకి దించుకున్నాను. అవి నా బుర్రలో పుట్టినట్టే ఉన్నాయి, ఎక్కడివని ఎవరూ అడగరు. గోడ సంగతి దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చింది. ఆ గోడ ఏ మ్యాపులోనూ లేదు. నీకెలా తెలుసంటే, లాంచీ డ్రైవరు కోటయ్య గడతో పొడిచి చెప్పాడు అని రాయాలి. టైపు చేసిన కాగితం మీద ఆ వాక్యం చూసుకుంటే నాకు నామోషీగా అనిపించింది. డిప్లొమా చదివినవాడు వేలిముద్ర వేసే మనిషిని సాక్షిగా తెచ్చుకున్నాడని అయ్యగారు, ఆ మద్రాసు ఆయన నవ్వుకుంటారేమోనని. ఆ పేజీ లాగి పారేసి, గోడ సంగతీ, దాని కోసం కీల్ కోయించాలన్న మాటా ఉన్న పేరా లేకుండా మళ్లీ టైపు చేశాను. అంతకన్నా పెద్ద కారణమేదో ఉందని చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. లేదు.

ఆరునెలల తర్వాత పడవ ట్రైలరు మీద వచ్చింది. నరసరావుపేటలో జనం గుమిగూడారట. మాచర్ల బజారులో కరెంటు తీగలను వెదురుబొంగులతో పైకెత్తి పట్టుకుంటే గానీ ముందుకు కదలలేదు. రేవులో కొబ్బరికాయలు కొట్టే హడావిడిలో మేమంతా ఉంటే, కోటయ్య మాత్రం ట్రైలరు కిందికి దూరి, పడవ అడుగున చేత్తో తడుముకుంటూ వచ్చాడు.

“ఎముక కోయలా?”

“అక్కర్లేదన్నారు బాబాయ్, కట్టినోళ్లు,” అన్నాను. అప్పటికప్పుడు పుట్టిన అబద్ధం.

“అట్నా,” అన్నాడు. “చుట్టు తిరిగి పోయే సంగతి రాశావు గదా?”

తలూపాను. ఆయన నిశ్చింతగా లేచి చేతులు దులుపుకున్నాడు.

నీళ్లు నిండుగా ఉన్నన్నాళ్లూ పడవ రాణిలా తిరిగింది. దాని స్టీరింగు కోటయ్యకే ఇచ్చారు. ఊరి మీదికి రాగానే ఆయన ఎప్పటిలాగే ఇంజను ఆపి తలగుడ్డ తీసేవాడు, సోఫాల్లో కూర్చున్న అతిథులకు అదొక ముచ్చట. శివరాత్రికి రామలింగయ్య గారు చుట్టాలతో, వ్యాపారులతో శ్రీశైలం బయల్దేరారు. పొద్దున పదింటికి ఊరు దగ్గరపడుతుంటే కోటయ్య పడవను ఎడమకు, పాత ఏటి దారికి తిప్పబోయాడు. అలా పోతే గంట ఆలస్యం. మధ్యాహ్నం భోజనాలకు దిగవలసిన చోట వంటవాళ్లు ఎదురుచూస్తున్నారు. అయ్యగారు నావైపు చూసి, “ఎందుకు తిప్పుతున్నాడు?” అన్నారు. గోడ ఉందని చెబితే, రిపోర్టులో ఎందుకు రాయలేదంటారు.

“కోటయ్యా, తిన్నగా పోనీ,” అన్నాను. బాబాయ్ అన్న మాట ఆ పెద్దమనుషుల ముందు నా నోట రాలేదు.

ఆయన మొదటిసారి నీళ్ల మీది నుంచి చూపు తిప్పి నా ముఖం చూశాడు. “ఇంజినీరు గారూ, మీకు చెప్పా గదండీ,” అన్నాడు, నాకొక్కడికే వినబడేలా.

“చెప్పింది చాలు. పోనీ,” అన్నాను నేనూ గొంతు తగ్గించి.

వేగం బాగా తగ్గించి పోనిచ్చాడు. లేకపోతే ఏమయ్యేదో. అడుగున ఏదో విరిగిన చప్పుడై పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది. వంటగదిలో గిన్నెలన్నీ కింద పడ్డాయి, అయ్యగారి అక్కగారు మెట్ల మీద నుంచి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. చుక్కాని వంగి నీళ్లు లోపలికి రావడం మొదలైంది. కోటయ్య గుడ్డలు కుక్కి, జనాన్ని ఒక పక్కకు కూర్చోబెట్టి, పిల్లలను పేరు పేరునా పిలిచి ధైర్యం చెప్పాడు. దగ్గరలోని పుట్టివాళ్లు వచ్చి అందరినీ గట్టుకు చేర్చారు. నేను చేసిన సాయం ఏమీ గుర్తు లేదు, బహుశా ఏమీ చేసి ఉండను.

గట్టు మీద అందరి ఎదుటా రామలింగయ్య గారు ఆయన్ని నిలదీశారు.

“అక్కడ గోడ ఉందని నీకు తెలుసా?”

“తెలుసండీ.”

“తెలిసి ఎందుకు చెప్పలేదురా?”

కోటయ్య నావైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. నేను చెప్తానేమోనని ఎదురుచూశాడు, అంతే. నేను తడిసిన నా బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను. ఆయనే, “నాదే పొరపాటండీ. గోడ మీద నీళ్లు ఇంకా చాల్తయ్యనుకున్నా,” అన్నాడు. ఆ మాటతో ఆయన పని పోయింది. పని పోవడం కన్నా పెద్ద దెబ్బ వేరే ఉంది. సొంత ఊరి గోడకే పడవ కొట్టాడని రేవంతా పేరు పడింది. ఇరవై ఏళ్లు ఒక్క గీత కూడా పడకుండా ఆ ఊరి మీదుగా నడిపిన మనిషికి ఇంకో లాంచీ ఎవరూ ఇవ్వలేదు. నా ఉద్యోగం మాత్రం నిక్షేపంగా ఉంది.

మూడేళ్లకు ఆయన నూజెండ్లలో కూతురి దగ్గర ఉన్నాడని తెలిసి, క్షమించమని అడగాలని వినుకొండలో బస్సు మారి వెళ్లాను. పశువులకు మేత వేస్తున్నవాడు నన్ను చూసి, “అబ్బాయ్, నువ్వా!” అంటూ చేతులు కడుక్కుని వచ్చాడు. మంచం వాల్చి కూర్చోబెట్టాడు. మొదట అడిగిందే, “ఎముక కోయించారా?” అని. కోయించామన్నాను. “ఇంక బయం లేదు. మంచి పడవ అది,” అన్నాడు సంతోషంగా. ఇంతలో అల్లుడు మజ్జిగ తెచ్చి ఇస్తూ, “మా మామ సంగతి మీకు తెలుసా సార్? సొంతూరినే గుద్దొచ్చాడు,” అని నవ్వాడు. ఇంట్లో రోజూ జరిగే ఎగతాళేనని కోటయ్య తల వంచుకున్న తీరు చూస్తే తెలిసింది. ఆ క్షణంలో ఒక్క మాట చెబితే చాలు, ఆ ఇంట్లో ఆయన తలెత్తుకునేవాడు. ఒంటరిగా దొరికితే చెబుదామనుకున్నాను. బస్సెక్కించడానికి ఆయన రోడ్డు దాకా వచ్చాడు, అక్కడ ఇద్దరమే ఉన్నాం, అప్పుడూ చెప్పలేదు. ఆ మరుసటి ఏడాదే పోయాడని విన్నాను.

తర్వాత నేను కోస్తాకు వెళ్లి పడవల తనిఖీ పనిలో స్థిరపడ్డాను. నా రిపోర్టుల్లో చివరన ఒక వరస ఉంటుంది: ఈ సంగతి ఎవరు చెప్పారు. వల లాగేవాళ్లు, వంటవాళ్లు, ఎవరు చెబితే వాళ్ల పేరు ఇంటిపేరుతో సహా రాస్తాను. ఇది ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని నా కింద పనిచేసే కుర్ర ఇంజినీర్లు అడిగితే, అది పద్ధతి అని తప్పించుకుంటాను. నా భార్యకు కూడా ఇంతవరకూ చెప్పలేదు. మునసబు గారి గోడ సంగతి ఆ పడవ కట్టక ముందే నాకు తెలుసు. కోటయ్య చెప్పాడు. నేను రాయలేదు.