పేరు పెట్టని ఫోల్డరు

కుందారపల్లిలో మొట్టమొదట కంప్యూటర్ నేర్చుకున్న మనిషి మా పుష్పావతి వదిన. ఊళ్ళో ఎవరిని అడిగినా ఈ మాట చెప్పరు. కంప్యూటర్లో మామను చెరిపేసిన కోడలు అని చెబుతారు. ఆమెకు ఆ పేరు తెచ్చిపెట్టింది నేను. తెచ్చిపెట్టి, నాలుగేళ్ళు నోరు మూసుకుని తిరిగాను. ఆమె గురించి రాయాలంటే నా సిగ్గు గురించి కూడా రాయక తప్పదు.

వదిన పుట్టిల్లు జవళగిరి, అడవి అంచున. తొమ్మిదో తరగతి దాకా కన్నడ బడిలో చదివింది. పెళ్ళయి ఇటు వచ్చాక బస్సు బోర్డులు చదవడానికని అరవం నేర్చుకుంది. తెలుగు ఇంటి మాటే గాని రాయడం రాదు. ఇన్ని అక్షరాలతో కుస్తీ పట్టినందుకేమో, ఇంగ్లీషు కీబోర్డు చూసి ఆమె బెదరలేదు. ఆమె భర్త లక్ష్మణప్ప నాకు పెద్దనాయన కొడుకు. హోసూరులో ఒక కంపెనీకి వ్యాను తోలేవాడు. 2003లో ఆఫీసువాళ్ళు పక్కన పడేసిన కంప్యూటర్ను కూతురు వినుత చదువుకని ఇంటికి తెచ్చాడు. వినుత అప్పుడు రెండో తరగతి. ఆ పిల్ల నాలుగు బొమ్మలు గీసి విసిగిపోయాక అది వదిన చేతికి వచ్చింది.

నేను హోసూరు బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటరులో పాఠాలు చెప్పేవాడిని. ఆదివారాలు పోయి వదినకు నేర్పాను. నేర్పానని చెప్పుకోవడమే గాని, సగం ఆమె సొంతంగా పట్టుకుంది. మౌసు కదలకపోతే లోపలి బంతి తీసి, గొర్రెకు పిడుదులు ఏరినట్టు పిన్నీసుతో మురికి ఏరేది. మా సెంటరులో చదువుకున్న పిల్లలు మౌసు పాడైంది సార్ అని కొత్తది అడిగేవాళ్ళు. నేను గట్టిగా నేర్పిన రూలు మాత్రం ఒకటుంది. ఏ ఫోల్డరు ఎవరిదైతే దానికి వాళ్ళ పేరు పెట్టాలి, అట్లయితేనే వెతికితే దొరుకుతుంది అని చెప్పాను. ఆమె తల ఊపింది.

వదిన మామ, మా పెద్దనాయన నరసింహప్ప, గొర్రెలు కాసి, రెండెకరాల రాగిచేను దున్ని ముసలితనానికి వచ్చిన మనిషి. గుట్ట మీది నుంచి ఆయన ఒక్క కేక వేస్తే మంద రోడ్డు దాటకుండా నిలబడిపోయేది. ఆ గొంతును కంప్యూటర్లో పట్టిపెట్టాలన్న ఆలోచన వదినదే. తలకు తగిలించుకునే మైకు ఒకటి అన్నతో తెప్పించి, పెద్దనాయన తలగుడ్డ మీదుగా తగిలించింది. ఆ పాత విండోస్‌లో మాట పట్టే ప్రోగ్రాము ఒక నిమిషం కాగానే ఆగిపోయేది. ఆయన కథ సగంలో తెగేది. వదిన మళ్ళీ నొక్కేది. "యాడ నిలిపినానమ్మా?" అని అడిగి ఆయన అందుకునేవాడు. అట్లా నలభై ఏడు ముక్కలు పట్టింది. ఏ ముక్క తెరిచినా ముందు ఆ మాటే వినిపించేది.

అందులో కరువు ఏటి ముక్క ఒకటి ఉండేది. మేత కోసం మందను జవళగిరి దాకా తోలుకుపోతే, అక్కడ ఒక ఐదేళ్ళ పిల్ల తాను తాగబోతున్న చెంబుడు నీళ్ళు గొర్రెపిల్లకు పట్టిందట. ఈ పిల్లే నా కోడలు అని ఆ రోజే అనుకున్నాడట. ఆ పిల్ల మా వదినే. బతికినన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి ఆయన మైకుకు చెప్పాడు.

2005 ఉగాది దాటాక పెద్దనాయన పోయాడు. అప్పటినుంచి మా పెద్దమ్మ నంజమ్మ పొద్దున్నే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేది. కోడలు ఒక ముక్క వినిపించేది. అది విన్నాకే పెద్దమ్మ పనిలోకి లేచేది.

ఆ ఏడే బెంగళూరులో ఒక కంపెనీ నన్ను ఇంటర్వ్యూకు పిలిచింది. విండోస్ లాంటిదే ఇంకో రకం, లినక్స్, తెలిసి ఉండాలన్నారు. నాకు సొంత కంప్యూటర్ లేదు. సెంటరు యజమాని తన మిషన్లలో అలాంటివి పెట్టనివ్వడు. ఒక పత్రికతో పాటు వచ్చిన లినక్స్ సీడీలు చేతిలో పట్టుకుని వదినను అడిగాను. మీ విండోస్ ఎక్కడికీ పోదు, పక్కన ఇంకొకటి పెడతాను, ఆన్ చేయగానే రెంటిలో ఏది కావాలో అదే అడుగుతుంది అని చెప్పాను. సరేనంది.

ఆదివారం నేను మొదటి బస్సు దిగేసరికి అన్నా వదినా మా దగ్గరి పోచంపల్లి సంతకు బయల్దేరి ఉన్నారు. వ్యానులో రెండు పొట్టేళ్ళు. వదిన ఎక్కబోతూ ఆగింది.

"మామ మాటలు అందులో ఉండాయి. అవి మాత్రం తాకొద్దప్పా" అంది.

నాకు తెలీదా వదినా అన్నాను.

పెద్దమ్మ గడప దగ్గర కూర్చుని రాగులు చెరుగుతోంది. ఏం చేస్తున్నావని అడిగితే ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాననుకుని మురిసిపోయాను. అన్నదమ్ములు వేరు పడితే ఒకే ఇంట్లో నడుమ గోడ పెట్టి రెండు పొయ్యిలు పెట్టుకోరా, ఇదీ అంతే అన్నాను.

"గోడ ఎవురి నెత్తినా పడకుండా కట్టు నాయనా జయప్రకాశూ" అంది. చేట దించి, "మీ పెద్దనాయన భద్రమే గదా?" అని అడిగింది. భద్రమే పెద్దమ్మా అన్నాను, తల తిప్పకుండానే.

ఆ డిస్కు ముందే రెండు భాగాలుగా ఉంది. మొదటి దాంట్లో విండోస్. రెండోది ఖాళీ చేస్తే లినక్స్‌కు సరిపోతుంది. అందులో మూడు ఫోల్డర్లు కనిపించాయి. ఒకటి వినుత పేరుతో ఉంది. మిగతా రెంటికీ పేరు లేదు, కంప్యూటర్ తనంతట తాను పెట్టే 'న్యూ ఫోల్డర్', 'న్యూ ఫోల్డర్ 2'. మొదటిది తెరిస్తే అన్నీ లారీల బొమ్మలు, బస్సుల బొమ్మలు. మా అన్న పిచ్చి. రెండోది దానికే నకలు అనుకుని తెరవలేదు. నరసింహప్ప అని కొట్టి వెతికాను. ఏమీ దొరకలేదు. స్పెల్లింగు ఏదో తప్పు రాసి ఉంటుంది, విండోస్ ఉన్న వైపే ఎక్కడో ఉంటాయిలే అనుకున్నాను. ఏది చెరపాలన్నా ముందు ఇంకోచోట నకలు పెట్టుకోండి అన్నది సెంటరులో పిల్లలకు రోజూ చెప్పే మొదటి పాఠం. వినుత ఫోల్డరునూ అన్న బొమ్మలనూ ఇవతలికి మార్చి, ఆ భాగం మొత్తం తుడిచేశాను. సాయంత్రం దాకా ఆగి వదినను అడిగితే సరిపోయేది. గురువారం ఇంటర్వ్యూ. నాకు ఆగే ఓపిక లేకపోయింది.

నేను పుట్టిన ఇంట్లో ఆడవాళ్ళు మొగుడి పేరు ఎత్తరు, మామ పేరు ఎత్తరు. రేషను కార్డు ఆఫీసులో భర్త పేరు అడిగితే మా అమ్మ నా వైపు చూసేది, నేనే చెప్పేవాడిని. అన్నీ తెలిసిన వెధవను, వాళ్ళ పేరే పెట్టాలని వదినకు రూలు చెప్పాను. కూతురి పేరు పెట్టగలిగింది, పెట్టింది. మొగుడి దానికీ మామ దానికీ ఆమె చేత్తో పేరు కొట్టలేక, కంప్యూటర్ ఇచ్చిన పేరే ఉండనిచ్చింది. ఇంత చిన్న సంగతి నా బుర్రకు ఆ సాయంత్రం దాకా తట్టలేదు.

సంత నుంచి వాళ్ళు వచ్చేసరికి నా పని ముగిసింది. ఆన్ చేస్తే నల్లటి తెర మీద విండోస్, లినక్స్ అని రెండు వరసలు, పక్కన పది నుంచి కిందికి దిగే అంకెలు. అన్న చూసి మెచ్చుకున్నాడు. వదిన విండోస్ ఎంచుకుని కూర్చుంది. అటూ ఇటూ వెతికింది.

"న్యూ ఫోల్డర్ రెండోది యాడ పోయిందప్పా? మామది" అంది.

నేను తెరవకుండా తుడిచేసింది అదే. తుడిచిన చోటే లినక్స్ పరుచుకుని ఉంది, వెనక్కి తెచ్చే దారి నాకు తెలియదు. నేనే చెరిపాను అని ఒక్క మాట అంటే చాలు. వెనకే అన్న నిలబడి ఉన్నాడు. ఆయన కోపం ఎలాంటిదో నాకు తెలుసు.

"నేను చూసినప్పుడు అట్లాంటిది ఏమీ లేదు వదినా. ముందే ఎప్పుడో పొరపాటున పోయుంటుంది" అన్నాను.

గోడ వారన ఉలవలు ఏరుతున్న పెద్దమ్మ చేతులు ఆగాయి. నన్నొకసారి చూసి మళ్ళీ చేటలోకి తల వంచింది. ఈమెకు కంప్యూటర్ సంగతి ఏం తెలుసులే అనుకున్నాను. వదిన మౌసు మీది నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నా చెయ్యే తగిలిందేమో" అంది.

అన్న చెయ్యెత్తాడు. కొట్టలేదు గాని నోటికి వచ్చినట్టు తిట్టాడు. తన తండ్రి గొంతును మట్టి చేసిందన్నాడు, గొర్రెలు కాసుకునే దానికి మిషన్ ఎందుకన్నాడు. వదిన లేచి నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను అది తాగి, చివరి బస్సు పట్టుకుని హోసూరు చేరాను. ఆ మజ్జిగ ఎట్లా దిగిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. ఉద్యోగం వచ్చింది, బెంగళూరులో దొరనయ్యాను. వదిన మాత్రం మళ్ళీ కంప్యూటర్ ముట్టలేదు. దాని మీద తువాలు కప్పి, వినుత అడిగినప్పుడు తీసేది. అన్న కోపం ఏడాదికి చల్లారి హాస్యంగా మారింది. నలుగురు చేరితే చాలు, మా ఆడదాని వేలు తగిలితే మా నాయనంతటోడే చెరిగిపోయినాడు అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. మొదటిసారి మొహమాటానికి నవ్వాను. తర్వాత తర్వాత బాగానే నవ్వాను.

2009 ఆషాఢంలో పెద్దమ్మ పోయింది. ఆ ఏడు పెద్దల అమావాస్యకు ఇద్దరికీ ఆకులు వేసి, వడలు, పాయసం వడ్డించారు. అన్న బంధువులకు ఏదో చెబుతూ మళ్ళీ ఆ హాస్యమే ఎత్తుకున్నాడు. పెద్దమ్మ పోయి రెండు నెలలే అయినందుకేమో, ఈసారి ఎవరూ నవ్వలేదు. అలవాటు కొద్దీ నవ్వింది నేనొక్కణ్ణే. నా నవ్వు నాకే వినపడింది. వినుత నా వైపు చూసింది. అక్కడ కూర్చోలేక లేచి పెరట్లోకి పోయాను.

వదిన అండా తోముతోంది. పక్కన నిలబడి చెప్పాను. ఆ రోజు చెరిపింది నేనే వదినా, లేదని అబద్ధం చెప్పింది కూడా నేనే అన్నాను.

ఆమె తోమడం ఆపలేదు.

"తెలుసప్పా" అంది. "ఆ పొద్దు సంతకి పోయేదానికి ముందర గూడా అత్తకి ఒక ముక్క వినిపించినాను. కరువు ఏటిది. నువ్వు బస్సు దిగేదానికి గంట ముందర."

మరి నీ చెయ్యే తగిలిందని ఎందుకన్నావని అడిగాను.

"మీ అన్న సంగతి నీకు తెలీదా? నిజం తెలిసుంటే నిన్ను మళ్ళా గడప తొక్కనిచ్చేవాడు కాదు. నువ్వే వచ్చి చెప్తావులే అనుకున్నాను. ఒక నెలకో, రెండు నెలలకో."

అప్పుడు వెలిగింది నాకు. ఆ పొద్దున ఆ ముక్క విన్నది పెద్దమ్మ. అబద్ధం చెబుతుంటే నన్ను చూసింది పెద్దమ్మ. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా ఆడిపోసుకునేది. ఆ మనిషి నాలుగేళ్ళు ఈ మాట కడుపులో పెట్టుకుంది. పండక్కి పోయినప్పుడల్లా నా తల నిమిరి, ఉద్యోగం ఎట్లుంది నాయనా అని అడిగేది.

"అత్త నన్ను గూడా చెప్పనియ్యలేదు. వాడి నోటితోనే రానీ అనింది" అంది వదిన. అండా బోర్లించి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. "పోయే ముందు రోజు అడిగింది. జయప్రకాశు వచ్చి చెప్పినాడా అని."

నువ్వేమన్నావు వదినా అని నేను అడగకముందే ఆమే చెప్పింది.

"చెప్పినాడత్తా అన్నాను. నా ముందర కూర్చోని ఏడ్చినాడు గూడా అన్నాను. సరే అని కండ్లు మూసుకునింది."

నా తరఫున అబద్ధం ఆడిన మనిషి ముఖం చూడలేక నేల చూశాను. ఏడుపు అప్పుడు వచ్చింది, రెండు నెలలు ఆలస్యంగా. వదిన ఊరుకోమనలేదు. కడిగిన గిన్నెలు ఎత్తుకుని లోపలికి పోయింది.

ముఖం కడుక్కుని నేనూ పోయాను. అన్న ఇంకా ఆకుల దగ్గరే కూర్చుని ఉన్నాడు. బంధువులంతా ఉన్నారు. అన్నా, ఒక మాట చెప్పాలి అన్నాను.

"చెప్పురా" అన్నాడు, నవ్వుతూనే.

అందరి ముందూ చెప్పాను.