మాన్ ఫిర్మీన్ పట్టిన చోటు

ఈస్టరుకు సముద్రపు ఒడ్డున గుడారం వేసుకుని నాలుగు రోజులు గడపడానికి ఎవరైనా ఎంత ముందు నుంచి సిద్ధమవుతారు? మా వదిన మాత్రం కిందటి ఈస్టరు గిన్నెలు తోముతూనే వచ్చే ఈస్టరు మాట ఎత్తుతుంది.

ఊరంతా ఆమెను మాన్ ఫిర్మీన్ అని గౌరవంగా పిలుస్తుంది. నాకు మా అన్న భార్య కాబట్టి వదిన. బడి వంటశాలలో పిల్లలకు వండి వండి రిటైరయింది. బడి మొత్తాన్ని కంచాలతో వరుసలో నిలబెట్టిన గొంతు అది, ఇప్పటికీ తగ్గలేదు. మా అన్న పోయినప్పుడు మాత్రం ఆ గొంతు మూగబోయింది. ఇక మాట్లాడదేమోనని హడలిపోయాం. మళ్లీ ఈస్టరు దగ్గరపడుతుంటే ఒకరోజు వంటింట్లోంచి కేక వేసింది, "జెర్వేజ్! గుడారం తాళ్లు ఎక్కడ తగలేశావే?" అని. తాళ్లు నా దగ్గర లేవు. అయినా ఆ తిట్టు విని నేను కూర్చుని ఏడ్చాను.

ఈస్టరుకు మా గ్వాడెలూప్ దీవిలో ఇళ్లలో పిల్లులు తప్ప ఎవరూ ఉండరు. అందరూ ఒడ్డునే. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలవగానే వదిన పెరట్లోకి పెద్ద పీపా దొర్లిస్తుంది. మడ అడవి నుంచి తెచ్చిన పీతలు అందులో చేరతాయి. బురద తిన్న పీతను అలాగే పొయ్యి ఎక్కిస్తే ఇంటికే అప్రతిష్ఠ. కొబ్బరి ముక్కలు, మామిడాకులు, ఎండు రొట్టె, చివర్లో కాసిని మిరపకాయలు పెట్టి పథ్యం చేయిస్తే గానీ వాటి మాంసానికి రుచి రాదు. ఈస్టరు సోమవారం ఒడ్డున వాటితోనే మాతేతే వండుతాం, అంటే పీతల అన్నం. అది లేకపోతే పండగ జరగనట్టే.

వదినకు ఒక కూతురు, మిలేన్. మిలేన్‌కు ఇద్దరు పిల్లలు. పోయినేడు ఈస్టరుకు పెద్దది లోరిన్‌కు ఆరేళ్లు, లూడో అప్పటికింకా సరిగ్గా మాటలు రాని బుడ్డోడు. "చిన్నపిల్లలున్నారు" అన్న ఒక్క మాట పట్టుకుని వదిన అందర్నీ ఆడిస్తుంది. చిన్నపిల్లలున్నారు, దోమతెరలు కొత్తవి కొనాలి. చిన్నపిల్లలున్నారు, విషప్పాలు కారే మాన్సెనీయే చెట్టుకు దూరంగా గుడారం వేయాలి. చిన్నపిల్లలున్నారు, జెర్వేజ్ పాటలు పాడకూడదు. ఈ చివరిది నా మీద కక్షతో పెట్టిన నియమం.

అల్లుడు ఫాబ్రిస్ ఒకసారి ధైర్యం చేశాడు.

"అత్తయ్యా, ఇంత శ్రమెందుకు? హోటల్లో గది తీసుకుందాం. పిల్లలకి ఈత కొలను కూడా ఉంటుంది."

"ఉప్పు లేని నీళ్లల్లో పండగేంటయ్యా? మనమేమన్నా విమానం దిగొచ్చామా?"

ఫాబ్రిస్ గుడారం మేకుల లెక్క చూసుకోవడానికి వెళ్లాడు. మంచివాడు.

ఇంత తతంగంలోనూ వదినకు ప్రాణం ఒక్కటే, చోటు. లాన్స్ మార్గో ఒడ్డున రెండు సముద్రద్రాక్ష చెట్ల ముందు మా చోటు ఉంది. మా మామ్మ కాలం నుంచి అక్కడే గుడారం వేస్తున్నాం. ఒడ్డంతా అలలు కొడుతున్నా అక్కడ మాత్రం పగడపు దిబ్బ అడ్డుపడి నీళ్లు పళ్లెంలో పోసినట్టు నిలకడగా ఉంటాయి. పొరుగు గుడారం గాస్పార్‌ది. మంచి చేపల వేటగాడు, అంతకంటే మంచి నోటి దురుసు మనిషి. ఏటా ఒక మూర మా వైపు జరగాలని చూస్తాడు. అందుకే వదిన గుడ్‌ఫ్రైడేకి ముందు రోజు, పెద్ద గురువారమే అందరికంటే ముందు వెళ్లి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, తాడు కట్టేస్తుంది.

పోయినేడు మాత్రం ఆ చోటు పరువు కోసం కాదు, లోరిన్ కోసం కావలసి వచ్చింది.

అంతకుముందు ఏడాది తల్లి చేయి విడిపించుకుని లోరిన్ గాస్పార్ గుడారం ముందుకు, అలలు ఉన్న వైపుకు పరిగెత్తింది. ఒక అల దాన్ని ఎత్తి, బొర్లించి, ఇసకలో దొర్లించి వదిలింది. ఫాబ్రిస్ ఎత్తుకొచ్చేసరికి నోటి నిండా ఇసక. అరగంట వెక్కింది. ఆ రోజు నుంచి సముద్రం పేరెత్తితే బల్ల కింద దూరేది. తలమీద నీళ్లు పోస్తే వీధి చివరి దాకా వినపడేలా అరిచేది.

"ఈ ఏడాది వద్దమ్మా. కొండ మీది ఏటికి వెళ్దాం. పిల్ల జడుసుకుంది," అంది మిలేన్.

వదిన చేతిలోని కొబ్బరిచిప్ప కింద పెట్టింది. "ఈ దీవిలో పుట్టింది. ఎటు నడిచినా చివరకు సముద్రమే ఎదురొస్తుంది. దానితో మాటలు మానేస్తే పిల్ల ఎక్కడ బతుకుతుందే? ఇంట్లోనా?"

వదిన పథకం వేసింది. మొదటి రోజు పిల్లను నీళ్ల వైపు తిప్పనే కూడదు. రెండో రోజు తడి ఇసకలో గూళ్లు కట్టించాలి. మూడో రోజు పాదాలు తడిసినా ఎవరూ ఏమీ అనకూడదు. మెచ్చుకోనూ కూడదు. ఇదంతా జరగాలంటే మా చోటే కావాలి, మా నిలకడ నీళ్లే కావాలి. బడిలో ముద్ద మింగని పిల్లల చేత కూడా ఇలాగే తినిపించానని చెప్పింది.

పెద్ద బుధవారం పొద్దున వదిన పెరట్లోంచి వేసిన కేకకు నేను వీధి దాటి పరిగెత్తాను. పీపా బోర్లా పడి ఉంది. పెరడంతా పీతలు. అరటి పాదుల్లో పీతలు, బట్టల బుట్టలో పీతలు, నా కళ్ల ముందే ఒకటి గోడెక్కి పక్కింటివాళ్లకు ముందు కొండ్లు చూపిస్తోంది. లూడో బల్లెక్కి చప్పట్లు కొడుతున్నాడు. ఫాబ్రిస్ చీపురుతో ఒకదాన్ని తరుముతుంటే ఇంకోటి అతని చెప్పు పట్టుకుంది.

"కుక్క పడేసిందేమో," అన్నాను రొప్పుతూ.

"కుక్క కాదు, నేనే," అంది లోరిన్. గుమ్మంలో నిలబడి ఉంది. గౌను ముందు భాగమంతా తుప్పు మరక. అంత పీపాను ఎలా తోసిందో దేవుడికే తెలియాలి.

"ఎందుకే తల్లీ?"

"పీతలు లేకపోతే పండగ లేదు కదా. పండగ లేకపోతే సముద్రానికి వెళ్లం కదా."

ఫాబ్రిస్ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. వదిన నవ్వలేదు. పిల్ల ముందు గొంతుక్కూర్చుని ఆ తుప్పు మరకను తన తల గుడ్డ కొసతో తుడిచింది. తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం చూసి నాకు నవ్వు ఆగిపోయింది. ఆరేళ్ల పిల్ల ఇంత ఆలోచించి, ఇంత బరువు తోసిందంటే లోపల ఎంత భయం ఉండాలి!

పీతలను వెతికి పట్టేసరికి గురువారం కూడా గడిచిపోయింది. కొన్ని దొరకలేదు. అవి ఇప్పటికీ పక్కింటి పెరట్లో కాపురం చేస్తున్నాయని అంటారు. శుక్రవారం వ్యానులో బయలుదేరాం.

లాన్స్ మార్గో చేరేసరికి ఒడ్డంతా గుడారాలే. మా చోటు ఖాళీగానే ఉంది గానీ, గాస్పార్ తాడు మాత్రం దాని ఒక మూల మీద నుంచి అడ్డంగా పోతోంది. వదిన వ్యాను ఆగకముందే దిగింది. సుత్తి తీసుకుంది. తీసుకుని, అలాగే ఆగిపోయింది.

ఆ రోజు గుడ్‌ఫ్రైడే. ఆయన చేతుల్లో మేకులు దిగిన రోజున మా దీవిలో ఎవరూ సుత్తి పట్టరు. మేకు కొట్టరు, నేల తవ్వరు. ఎంత లెక్కలేనివాడైనా ఆ ఒక్కరోజు ఊరుకుంటాడు. వదిన పథకంలో పీతలు పారిపోవడం లేదు కాబట్టి, శుక్రవారం చేరడమూ లేదు.

గాస్పార్ ఉప్పుచేప బజ్జీ నములుతూ వచ్చాడు. "ఏంటి మాన్ ఫిర్మీన్, ఈసారి మేకులు లేకుండానే ఇల్లు కడతారా?"

"నేనే మేకుని. పీకు, చూద్దాం," అంది వదిన. చోటు నడిమధ్యన తన పచ్చ కుర్చీ వేసుకుని, గొడుగు తెరిచి కూర్చుంది. నాలుగు వైపులా గిన్నెలు బోర్లించి హద్దు పెట్టించింది. తిండి అక్కడికే, కాఫీ అక్కడికే. పొద్దు వాలేదాకా ఆ ఎండలో లేవలేదు. గాస్పార్ మనవలు వచ్చి వదినను చూసి పోతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. లోరిన్ మాత్రం వ్యాను దిగలేదు. అద్దానికి ముక్కు ఆనించి, సముద్రం కదలకుండా కాపలా కాసింది.

చీకటి పడ్డాక పిల్లలు వ్యానులో, మేము వెనక చెట్ల మధ్య కట్టిన ఉయ్యాలల్లో పడుకున్నాం. కుక్కలు నాకుతాయని గిన్నెలు లోపల పెట్టేశాం. చోటులో పచ్చ కుర్చీ ఒక్కటే మిగిలింది.

తెల్లవారుతుండగా కాఫీ పెడదామని లేచాను. నీళ్ల దగ్గర నుంచి మా చోటు దాకా ఇసకలో పెద్ద చాలు కనిపించింది, ట్రాక్టరు తోలినట్టు. నా ఒళ్లు మండింది. గాస్పారే! పడవను మా మీద నుంచి ఈడ్చాడన్నమాట! నోరు తెరిచాను కూడా. అప్పుడు కుర్చీ వెనక నల్లటి గుట్ట కదిలింది.

తాబేలు. మా భోజనం బల్ల కంటే పెద్దది. వీపు మీద డిప్ప లేదు, నల్లటి తోలు, దాని మీద పొడుగునా గట్లు, తెల్లటి చుక్కలు. గుడ్లు పెట్టడం అయిపోయినట్టుంది, ముందు రెక్కలతో ఇసక ఎగజిమ్మి గుంట కప్పుతోంది. ఒక్కో విసురుకు బుస్సున నిట్టూరుస్తోంది. ఇసక వచ్చి కుర్చీ మీద పడింది. రెండో విసురుకు కుర్చీ పడిపోయింది.

ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని. గుర్తులు చూశాను, గుడ్ల పెంకులు చూశాను. వెలుగులో ఆ తల్లిని ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. చేతిలో కాఫీ గిన్నె ఉందని మరిచిపోయి దండం పెట్టాను. గిన్నె కాలి మీద పడింది, నొప్పి తెలియలేదు.

వెనక నుంచి వదిన వచ్చింది. శనివారం వచ్చేసింది కదా, చేతిలో సుత్తి, చంకలో మేకులు. చూసింది. మేకులు ఒక్కొక్కటే జారి మెత్తటి ఇసకలో పడ్డాయి.

"నిన్న మేకులు కొట్టుంటే..." అన్నాను.

"తాడు తగిలి వెనక్కి వెళ్లిపోయేది," అంది నెమ్మదిగా. ఆ గొంతు అంత నెమ్మదిగా పలుకుతుందని నాకు తెలియదు.

పక్క గుడారాల వాళ్లు లేచి వచ్చారు. గాస్పార్ టోపీ తీశాడు. తాబేలు వచ్చిన చాలు వదిలి ఆ మూల మీదుగా సముద్రం వైపు తిరగబోతుంటే తన తాడే అడ్డంగా ఉందని చూసి, ఒంగి ఒంగి వెళ్లి, చప్పుడు కాకుండా ముడి విప్పేశాడు. ఏళ్ల తరబడి మేం అరిచినా జరగని తాడు!

వ్యాను తలుపు తెరుచుకుంది. లోరిన్ వచ్చి వదిన గౌను పట్టుకుంది.

"అమ్మమ్మా, ఎందుకు ఏడుస్తోంది?"

తాబేలు కళ్ల నుంచి చిక్కటి ధార ఇసకలోకి కారుతోంది.

"ఏడుపు కాదే. తాగిన ఉప్పంతా అలా దించుకుంటుంది."

"అదీ ఉప్పునీళ్లు మింగిందా?"

"పుట్టినప్పటి నుంచీ మింగుతోంది."

తాబేలు రెక్కలు పాతి, ఒళ్లు ఈడ్చి, ఆగి, మళ్లీ ఈడ్చుకుంటూ సముద్రం వైపు కదిలింది. లోరిన్ వదిన గౌను వదిలేసి కాస్త దూరంలో దాని వెనకే నడిచింది. అది ఆగితే ఇదీ ఆగుతోంది. పొడి ఇసక దాటింది, తడి ఇసక దాటింది. మిలేన్ ముందుకు దూకబోయింది. వదిన కూతురి మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది, తరవాత అక్కడ వేళ్ల గుర్తులు చూశాను.

మొదటి నీళ్లు తగలగానే ఆ కొండంత జీవి తేలికైపోయింది. ఒక్క ఊపులో ముందుకు జారింది. లోరిన్ పాదాలు తడిశాయి, మోకాళ్లు తడిశాయి. అది చూసుకోలేదు. చిన్న అల వచ్చి నడుం దాకా కొడితే కూడా తూలి, నిలదొక్కుకుని, అటే చూస్తోంది. నల్లటి తల ఒకసారి పైకి లేచి ఊపిరి పీల్చి మునిగింది. తరవాత నీళ్లే.

పిల్ల అప్పుడు వెనక్కి తిరిగింది. ఎక్కడ నిలబడి ఉందో అప్పుడే తెలిసింది దానికి. రెండు చేతులూ నీళ్లకు తగలకుండా పైకెత్తేసింది.

"అమ్మమ్మా," అని పిలిచింది. "నేను రానా, నువ్వొస్తావా?"

ప్రతిదానికీ ముందే పథకం ఉండే మా వదిన దగ్గర దీనికి ఏమీ లేదు. రాత్రి గౌనుతో, తల గుడ్డతో, సుత్తి చేతిలోనే పెట్టుకుని నేరుగా నీళ్లలోకి నడిచింది. రెండో చేత్తో పిల్ల చేయి పట్టుకుంది. ఇద్దరూ అటు తిరిగి అలాగే నిలబడ్డారు.

ఆ చోటు మళ్లీ మాకు దక్కలేదు. గుడ్ల చుట్టూ గాస్పారూ ఫాబ్రిసూ కలిసి తాడు కట్టారు. మేం వెనక ఇరుకులో, దోమల మధ్య సర్దుకున్నాం. సోమవారం పీతల అన్నం గాస్పార్ గుడారంలోనే తిన్నాం. లోరిన్‌ను నీళ్లలోంచి బయటికి రమ్మని పిలిచి పిలిచి వదిన గొంతు బొంగురుపోయింది.

ఈ ఏడాది పీపాలో పీతలు మళ్లీ చేరాయి. ఎప్పుడు బయలుదేరదామని అడిగాను. గురువారం అంటుందని తెలిసే అడిగాను.

"శుక్రవారం," అంది వదిన, ఉప్పునీళ్లకు తుప్పుపట్టిన ఆ సుత్తిని గుడ్డతో తుడుస్తూ. "ముందే వెళ్లి మేకులు కొట్టేస్తే, వచ్చేవాళ్లు ఎలా వస్తారే?"