మూడు దినాల రక్తసంబంధం

మా మామకు, అంటే మా అమ్మ తమ్ముడికి, తెలియని విషయమంటూ ఈ భూమ్మీద లేదు. పెనుకొండలో వాళ్ళ వీధిలో ఎవరింట్లో చావు జరిగినా ముందు ఆయనకే కబురు. ఎవరు ఎన్ని దినాలు అంటు పాటించాలో వేళ్ళ మీద లెక్కగట్టి చెప్తాడు. దాయాదులకు పది. పెళ్ళి చేసి పంపిన కూతురికి మూడు. ఆ కూతురి పిల్లలకు ఇంకా తక్కువ. అదే లెక్కతో ఆయన బెంగుళూరు డాక్టర్ల సైన్సుకు కూడా తీర్పు చెప్పాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా అమ్మ రొమ్ములో గడ్డతో పోయింది. కొన్నేళ్ళకు అమ్మ చెల్లెలు, మా పిన్నమ్మకూ అదే వచ్చింది. అమ్మ కాలంలో లేనిది పిన్నమ్మకు దొరికింది. బెంగుళూరు ఆసుపత్రిలో రక్తం తీసి జీన్ టెస్టు చేశారు. జీన్లలో పుట్టుకతోనే వచ్చిన ఒక మార్పు ఉందని చెప్పి, అది ఉన్నవాళ్ళకు బాగా పనిచేసే మాత్రలు రాసిచ్చారు. మంచం పట్టిన మనిషి లేచి, పప్పులో పోపు మాడ్చావని కోడలిని తిట్టేంతగా కోలుకుంది. కాబట్టి నేను సైన్సును వెక్కిరించను. వెక్కిరించడానికి మా ఇంట్లోనే బోలెడుమంది ఉన్నారు.

డాక్టరు పిన్నమ్మకు ఇంకో మాట కూడా చెప్పాడు. ఇది కుటుంబంలో నడిచే జబ్బు, రక్తసంబంధీకులందరూ వచ్చి పరీక్ష చేయించుకోండి, ముందే తెలిస్తే ముందే జాగ్రత్త పడొచ్చు అన్నాడు.

రక్తసంబంధీకులు ఎవరో తేల్చే పని మామ తన నెత్తిన వేసుకున్నాడు. తన ఇద్దరు కొడుకులు, తన చిన్నాయన కొడుకులు. సరే. ఆ తర్వాత తన కోడళ్ళిద్దరూ!

"కోడళ్ళెందుకు మామా? వాళ్ళు బయట నుంచి వచ్చినోళ్ళు కదా" అన్నాను ఫోనులో.

"యాడ బయట? మన ఇంటిపేరు పెట్టుకున్నాక మనోళ్ళే."

"మరి నేను?"

"నువ్వు మీ నాయన ఇంటి బిడ్డవి. మీ అమ్మను ఇచ్చేసినాం కదమ్మా. ఆడికి తెగిపాయ."

తెగిపోయిందట! మరి పిన్నమ్మను కూడా ఇచ్చేశారు కదా, ఆమెకెట్లా వచ్చిందని అడిగితే "అది వేరే" అన్నాడు. ఏం వేరో ఆ దేవుడికే తెలియాలి.

ధర్మవరంలో ఇచ్చిన ఆయన సొంత కూతురు, నా మరదలు, తనూ వస్తానని ఫోను చేసిందట. ఆ సంగతి మామే నవ్వుతూ నాకు చెప్పాడు. "దానికి బెంగుళూరు చూడాలని ఉబలాటం. నువ్వు వాళ్ళింటి మనిషివి, వ్యానులో చోటు లేదు పోమ్మా అంటి." అందరికోసం మాట్లాడిన ఆ వ్యానులో కిటికీ పక్క సీటు చిన్న కోడలికి దక్కింది. దారి పొడుగునా ఫొటోలు తీసి ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆసుపత్రిలో అందరూ ఒకే కుటుంబమని మామ గద్దించి చెప్పాడట, వాళ్ళు కూడా ఎవరి చేయి కనిపిస్తే ఆ చేతికి సూది గుచ్చారు.

ఫలితాలు వచ్చాయి. కోడళ్ళిద్దరికీ ఆ మార్పు లేదు. ఎందుకుంటుంది నా తలకాయ! అయినా పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైనట్టు వీధంతా చెప్పుకున్నారు. పెద్ద కొడుక్కి మాత్రం ఉంది. మామ చేయి విదిలించాడు. "మగోనికి ఉంటే ఏమి, లేకుంటే ఏమి? వానికేమన్నా రొమ్ములుండాయా?"

నేను హిందూపురంలో బ్లౌజులు కుట్టుకుని బతికేదాన్ని. మిషను మూసేసి ఒంటరిగా రైలెక్కి పోయి రక్తం ఇచ్చి వచ్చాను. ఫలితం కోసం మళ్ళీ వెళ్తే అక్కడి కౌన్సెలరమ్మ కాగితం మీద మా కుటుంబాన్ని, ఆడవాళ్ళను గుండ్రాలుగా, మగవాళ్ళను చదరాలుగా గీసింది. తల్లికైనా తండ్రికైనా ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుందని, పెళ్ళికీ ఇంటిపేరుకూ దీనితో పని లేదని చెప్పింది. నాకు లేదట. అక్కడే అమ్మను తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

కళ్ళు తుడుచుకున్నాక, మామ పెద్ద కొడుక్కి ఉందని చెప్పి మరదలి సంగతి అడిగాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది. "అన్నకు ఉందంటే అది మీ మామగారి నుంచే వచ్చి ఉండాలి. ఆ అమ్మాయికీ సగం అవకాశం ఉంది. తప్పకుండా రావాలండీ."

"అయితే మీరే ఫోను చేసి చెప్పండి."

"మేం చెప్పకూడదు. ఒకరి ఫలితం ఇంకొకరికి చెప్పే హక్కు మాకు లేదు. ఇంట్లోవాళ్ళే చెప్పాలి."

బాగుంది సంబడం! ఇక్కడ రూలు, అక్కడ ఆచారం, మధ్యలో పిల్ల. మా వీధి చివర ల్యాబులో ఉమ్మి ఇస్తే పిల్లవాడికి లెక్కలు వస్తాయో, పాట వస్తుందో జీన్లు చూసి చెప్తామని బోర్డు పెట్టారు. దానికి జనం ఎగబడుతున్నారు. పనికొచ్చే మాట ఒక ఆడపిల్ల చెవిన వేయడానికి మాత్రం ఈ లోకంలో ఎవరికీ నోరు రాదు.

నేరుగా పెనుకొండ పోయాను. నా ఫలితం వినగానే మామ ముఖం వెలిగిపోయింది. "చూసినావా! ఇచ్చిన ఇంటి బిడ్డకు రాలే, నా కొడుక్కి వచ్చె. నేను చెప్పింది నిజమా కాదా?" తొడ కొట్టడం ఒక్కటే తక్కువ. సగం సగం అని నేను చెప్పిందంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"కూతురికి ఒక్క మాట చెప్పు మామా" అని బతిమాలాను.

"అత్తగారింట్లో తెలిస్తే జబ్బు పిల్లను అంటగట్టినారంటారు. దానికే లేదు, నీకెందుకమ్మా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

కందకు దురద ఉందో లేదో ఈ పెద్దమనిషి ఒక్కసారైనా అడిగి చూశాడా?

ధర్మవరం రైల్లో కూర్చున్నాక నాకూ అనుమానం వచ్చింది. వాళ్ళ అన్న ఫలితం చెప్పడానికి నేనెవరిని? తెలియకుండా హాయిగా ఉన్న మనిషి నిద్ర చెడగొట్టడం న్యాయమా? స్టేషను వచ్చేసరికి విసుగు పుట్టింది. న్యాయం సంగతి తర్వాత, ముందు పిల్ల బతకాలి అనుకున్నాను.

మరదలు పట్టుచీర కొంగుకు కుచ్చులు వేస్తూ కూర్చుంది. అన్నకు ఉన్నదీ, నాకు లేనిదీ, తనకు ఉండే అవకాశమూ, అన్నీ చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. ఆ కుచ్చు ముడి వేసి, చీర మడిచి పక్కన పెట్టి, లేచి తలుపు మూసింది. నా చేయి పట్టుకుని తన ఎడమ చంక కింద, జాకెట్టు లోపల పెట్టింది. చింతగింజంత గడ్డ గట్టిగా తగిలింది.

"ఎప్పటి నుంచే ఇది?" అన్నాను.

"అత్తకు చెప్తే మీ నాయనింట్లో చూపించుకో అనె వదినా. అందుకే నాయనకు ఫోను చేస్తి. నోరు తెరిచి చెప్పేలోపలే వ్యానులో చోటు లేదనె."