నాలుగు లైన్ల తోట

2023 ఎండాకాలం. శింగనమల దగ్గర లక్ష్మీదేవక్క చీనీ, అంటే బత్తాయి, తోటలో నేను తయారుచేసిన డ్రిప్ కంట్రోలర్ పెట్టి అప్పటికి రెండేళ్లు. బోరు మోటరును నడుపుతూ ఆరు లైన్లకూ వంతులవారీగా నీళ్లు వదిలే పెట్టె అది. ఆ బోరు ఏకబిగిన నీళ్లిచ్చేది కాదు. ఒక్కో లైను తడిశాక మోటరు ఆపి, నీళ్లు ఊరనివ్వాలి.

ఆ ఏడు రెండు లైన్ల చెట్లు ఎండిపోతే అక్క కొట్టించేసింది. ఆ మాట ఫోనులో చెబితే, నేను అనంతపురంలో కూర్చునే సెట్టింగులు మార్చి పంపాను. రెండో రోజే మళ్లీ ఫోను.

"ఏమప్పా, నీ పెట్టె మోటరుకు గ్యాపే ఇయ్యదు. బోరు గాలి కొడతాండాది. మోటరు కాలిపోతే ఉండే చెట్లూ పోతాయి. బిన్నా రా."

వెంటనే బయలుదేరాను. దారి పొడవునా తప్పు వైరింగుదేనని నాకు నేను చెప్పుకుంటూ పోయాను. మన కోడు మీద మనకుండే ప్రేమ అలాంటిది. తీరా పెట్టె విప్పి చూస్తే తప్పు నా కోడులోనే ఉంది.

కరెంటు రాగానే అన్నిటికంటే ముందు లేచే చిన్న ప్రోగ్రామును బూట్‌లోడర్ అంటాం. పెట్టెకు ఏమేమి తగిలించి ఉన్నాయో రాసిపెట్టే జాబితా డివైస్ ట్రీ. ఏ లైను తర్వాత ఎన్ని నిమిషాలు ఆగాలో అందులో వరుసగా అంకెలుంటాయి. ఆ వరుసే అర్రే. ఆరింటిలో రెండు అంకెలు తీసేశాను గానీ, బూట్‌లోడర్‌లో నేను రాసిన కోడు ఇంకా ఆరే అడుగుతోంది. అడిగినన్ని లేకపోతే అర్రేను చదివి ఇచ్చే కోడు ముక్క, అంటే ఫంక్షన్, తప్పని చెప్పి ఊరుకుంటుంది, ఒక్క అంకె కూడా ఇవ్వదు. అది చెప్పిన తప్పును నా కోడు పట్టించుకోలేదు. దాంతో అన్ని విరామాలూ సున్నా అయ్యాయి.

మోటరు షెడ్డు దగ్గర అక్కకు ఇదంతా చెప్పాను.

"ఉండే నాలుగన్నా ఇయ్యొచ్చు కదప్పా?"

"ఇవ్వదక్కా. దాని పద్ధతి అంతే."

"అట్లయితే ఎన్నుండాయో ముందు చూసుకోని, అన్నే అడగవల్ల. బోరులో ఎంతుండాదో చూడకుండా నేనెప్పుడన్నా నీళ్లు తిప్పినానా?"

నా కోడును అంత సూటిగా ఎవరూ దిద్దలేదు. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. అక్కడే కూర్చుని, ముందు ఎన్ని అంకెలున్నాయో చూసి అన్నే చదివేలా, చదవలేకపోతే మోటరే వేయకుండా ఆగేలా మార్చాను. మెయిన్ ఆపి మళ్లీ వేశాం. మొదటి లైను తడిసింది, మోటరు ఆగింది. అక్క ముఖం చూసి నాకు ప్రాణం లేచివచ్చింది.

బయలుదేరబోతుంటే నన్ను ఆ రెండు లైన్ల వైపు తీసుకుపోయింది. మొద్దులు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ ఏ ఏడు నాటిందో చెబుతూ నడిచింది. నేను ఆ రెండు అంకెలను చెరిపింది ఒక్క నిమిషంలో.

అప్పటినుంచి తోటకు పోయి చూడకుండా ఎవరి అంకెనూ తీసేయలేదు.